వెనక పెన్సిలుతో ఇరవై ఏడు

2వ తేదీ, సోమవారం

అందరూ క్షేమమని తలుస్తాను. పెద్దమ్మాయీ, నడుం నెప్పి తగ్గిందా? ఆ హోటల్లో పరుపులు మెత్తగా ఉంటాయట, మెత్తటి పరుపు నీ నడుముకి పగ. చిన్నోడా, కడుపులో మంట ఎలా ఉంది? వేళకి తింటున్నావా, టీ మీదే బతికేస్తున్నావా? అల్లుడుగారూ, మీ దగ్గు? మందుల షాపు పెట్టుకుని మందు వేసుకోని మనిషిని మిమ్మల్నే చూశాను. రైటరుగారూ, రేపు మీ కంటికి ఆపరేషను, భయపడకండి, మీ వంతు కూడా నేనే భయపడుతున్నాను. నా సంగతి అడక్కండి. గుండెదడ దాని పని అది చేసుకుపోతోంది.

ఈ పుస్తకం ఎవరూ చదవరు. అయినా ఇలా మొదలుపెట్టకపోతే నా చెయ్యి కదలదు. ఉత్తరం తప్ప వేరే రాత రాదు నాకు. పెద్దమ్మాయి నర్సు ఉద్యోగానికి దూరం వెళ్ళేటప్పుడు, నలభై దాటిన నాచేత అక్షరాలు దిద్దించి, ఉత్తరాలు రాయమని చెప్పి వెళ్ళింది. శాసనసభ మెంబరు అయ్యాక ఈ పుస్తకాలు కొనివ్వడం మొదలుపెట్టింది. "అమ్మా, నీ భయాలన్నీ ఫోన్లో నా నెత్తిన పోయకు. ఇందులో పోసుకో" అంది. ఇది ఏడో పుస్తకం.

నిన్న వాళ్ళ పార్టీ బస్సు వచ్చి దాన్ని తీసుకెళ్ళింది. ఇరవయ్యో తేదీన సభలో ఓటు. ప్రభుత్వం నిలబడుతుందో కూలుతుందో ఆ రోజు తేలుతుంది. వీళ్ళ వైపు ఒక్కరు తగ్గినా కూలిపోతుంది. ఒక్కరంటే ఒక్కరే. అందుకని మెంబర్లందరినీ గంప కింద కోడిపిల్లల్ని మూసినట్టు హోటల్లో మూసి, ఫోన్లు లాక్కున్నారు. రోజుకొకసారి పక్కన మనిషిని నిలబెట్టి ఇంటికి మాట్లాడనిస్తారట.

వెళ్తూ ఎప్పటిలాగే అడిగింది, "కాగితాలు ఉన్నాయా అమ్మా?" అని. ఉన్నాయి. ముప్పైలో ఆరు మిగిలాయి. పైన దాని పేరు, ముద్ర. కింద సంతకం. మధ్యంతా ఖాళీ. ఆసుపత్రిలో మంచం కోసం, బడిలో సీటు కోసం జనం వస్తారు. కోర్టులో టైపు పని చేసిన రైటరుగారు విషయం టైపు చేస్తారు, నేను చేతికిస్తాను. పదేళ్ళుగా ఇదే పద్ధతి.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టడమంటే తలుపు తీసిపెట్టి ఊరెళ్ళడమే అని మొదటి రోజే అన్నాను. "ఊపిరాడని మనిషి నా సంతకం కోసం సభ దాకా రావాలా అమ్మా? అంతదాకా ఊపిరి నిలుస్తుందా?" అంది. నర్సు బుద్ధి. మాట నిజమే. నిజమైనంత మాత్రాన భయం పోతుందా? ప్రతి కాగితం వెనక, మూలన, పెన్సిలుతో కనీకనిపించకుండా నంబరు వేసుకుంటాను. ఇది దానికి కూడా చెప్పలేదు. నవ్వుతుంది.

3వ తేదీ, మంగళవారం

ఇరవై అయిదు: డయాలసిస్ ముసలాయనకి. ఇరవై ఆరు: కవల పిల్లల తల్లికి. రెండూ రైటరుగారు ఆపరేషనుకి వెళ్ళేముందు పొద్దున్నే వచ్చి టైపు కొట్టి ఇచ్చారు. వద్దన్నా వినలేదు. "ఒక కన్ను పనిచేస్తోందిగా అమ్మగారూ, ఉన్నదాన్ని వాడుకోవాలి" అన్నారు.

4వ తేదీ, బుధవారం

మధ్యాహ్నం చిన్నోడు వచ్చాడు. స్నేహితుడి తండ్రి ఆసుపత్రి వరండాలో పడున్నాడట, మంచం కావాలట. రైటరుగారు వారం దాకా రారురా అన్నాను. "టైపు నేను చేయించుకుంటాలే అమ్మా, కాగితమివ్వు" అన్నాడు. ఖాళీ కాగితం గడప దాటించకూడదని నా నియమం. కాని వాడు పరాయివాడా? ఇరవై ఏడు ఇచ్చాను.

టీ పెడతానంటే వద్దన్నాడు. చిన్నోడు టీ వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. కడుపు మంట ఎక్కువైందేమో.

6వ తేదీ, శుక్రవారం

ఆ తండ్రికి మంచం దొరికిందో లేదో. చిన్నోడు ఫోను ఎత్తడం లేదు.

7వ తేదీ, శనివారం

అల్లుడుగారు మిట్టమధ్యాహ్నం షాపు షట్టరు దించేసి వచ్చారు. ఆయన పట్టపగలు షట్టరు దించడం పెళ్ళయ్యాక ఇది రెండోసారి. మొదటిసారి వాళ్ళ నాన్న పోయినప్పుడు. 

"ఎవరికి ఏమైంది బాబూ?"

"ఎవరికీ ఏం కాలేదు అత్తయ్యగారూ. కూర్చోండి. ముందు కూర్చోండి."

"కూర్చోమంటే ఇంకా భయం. నిలబెట్టే చెప్పండి."

టీవీ పెట్టారు. పెద్దమ్మాయి బొమ్మ. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి, నాకు అంత వేగంగా చదవడం రాదు. ఆయనే చదివారు. మెంబరు పదవికి అది రాజీనామా చేసిందట. కాగితం నిన్న సాయంత్రం స్పీకరు ఆఫీసుకి చేరిందట. సొంత కాగితం, సొంత ముద్ర, సొంత సంతకం.

"హోటల్లో తాళం వేసి ఉన్న మనిషి ఎలా పంపింది బాబూ?"

"అదే నాకూ అర్థం కావడం లేదు" అని దగ్గారు. చాలాసేపు దగ్గారు. నేను నీళ్ళు తెచ్చిచ్చాను. 

మిగిలిన కాగితాలు తీసి చూశాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. మూడు. సరిగ్గానే ఉన్నాయి. ఇరవై ఏడు ఆసుపత్రిలో ఉంటుంది.

8వ తేదీ, ఆదివారం

ఇరవై ఏడు ఆసుపత్రిలోనే ఉంటుంది.

9వ తేదీ, సోమవారం

పెద్దమ్మాయి ఫోను చేసింది. గొంతు బొంగురుపోయింది.

పార్టీవాళ్ళే దాన్ని స్పీకరు దగ్గరికి తీసుకెళ్ళారట. ఇది నేను రాసింది కాదండీ అని చెప్పిందట. సంతకం నీదేనా అని ఆయన అడిగారట. నాదే అందట. సంతకం నీదైనప్పుడు రాత నీది కాదంటే ఎలా నమ్మాలమ్మా, రుజువు తెచ్చుకో, పంతొమ్మిదో తేదీన తేలుస్తాను అన్నారట. ఆ రోజు ఆయన రాజీనామా ఒప్పుకుంటే దీని సీటు ఖాళీ. మర్నాడు ఓటులో వీళ్ళ ప్రభుత్వం ఖాళీ.

"మావాళ్ళు నన్ను వేరే గదిలో పెట్టారమ్మా. బయట ఇద్దరు కూర్చున్నారు. నేను అమ్ముడుపోయాననుకుంటున్నారు. నిన్నటిదాకా అక్కా అక్కా అన్నవాళ్ళు కంచం కూడా కాలితో నెడుతున్నారు."

నేను ఏడ్చాను.

"ఏడవకు. ఒక్కటి అడుగుతాను, చెప్పు. ఆ కాగితం తిప్పి చూశాను. వెనక మూలన పెన్సిలుతో ఇరవై ఏడు అని ఉంది. అది నువ్వు వేసిందేగా?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నువ్వు రాసే ఏడుకి కింద కొక్కెం ఉంటుందమ్మా. నేనే నేర్పాను, ఎంత దిద్దించినా ఆ కొక్కెం పోలేదు. ఇంకెవరూ అలా రాయరు. ఇరవై ఏడు ఎవరికిచ్చావు?"

"గుర్తులేదు తల్లీ" అన్నాను.

 పక్కనున్న మనిషి టైమైపోయింది అనడం వినిపించింది.

ఎవరికిచ్చానో నాకు నిజంగానే గుర్తులేదు. డెబ్బై రెండేళ్ళు. ఎన్నని గుర్తుంటాయి.

10వ తేదీ, మంగళవారం

గుర్తులేదు.

నాలుగో తేదీ రాసిన పేజీ, దాని ఎదురు పేజీ కలిపి పిండి జిగురుతో అంటించేశాను. ఆరేదాకా పైన రోకలి పెట్టాను. పుస్తకాన్ని పిండి డబ్బాలో అడుగున దాచాను. ఎందుకు దాచానో అది కూడా గుర్తులేదు.

11వ తేదీ, బుధవారం

చిన్నోడు వచ్చాడు. చేతిలో నారింజ పళ్ళు. ఇంటికి పళ్ళు తెచ్చే అలవాటు వాడికి లేదు.

"ఆ స్నేహితుడి తండ్రి ఎలా ఉన్నాడురా?" అని అడిగాను. బాగున్నాడు అంటాడని ఎదురుచూశాను. ఆ ఒక్క మాట అంటే చాలు, నమ్మేద్దామని సిద్ధంగా కూర్చున్నాను.

"ఏ స్నేహితుడు?" అన్నాడు. తర్వాత నాలుక కరుచుకున్నాడు. ఆ తర్వాత దాచడం మానేశాడు.

"చూడమ్మా. అటువైపు వాళ్ళు నాకు మాటిచ్చారు. సీటు ఖాళీ అయితే ఉప ఎన్నికలో నేనే నిలబడతాను. సీటు మనింట్లోనే ఉంటుంది. బయటికి పోదు. అక్క కాకపోతే నేను, అంతేగా తేడా!"

"అది నీ అక్కరా. కాపలా పెట్టి మూశారు దాన్ని."

"అక్కే. మొదటిసారి పదకొండు ఓట్లతో ఓడిపోయినప్పుడు అందరూ వెళ్ళిపోతే మైకులు విప్పిందెవరు? నేను. రెండోసారి, మూడోసారి గెలిస్తే దండలు ఎవరి మెళ్ళో పడ్డాయి? అది జీపులో నిలబడింది, నేను గోడలకి పోస్టర్లు అంటించాను. ఇదిగో చూడు, గోళ్ళలో జిగురు. పదిహేనేళ్ళ జిగురు."

గోళ్ళు నా మొహం ముందు పెట్టాడు. శుభ్రంగానే ఉన్నాయి. నాకే జిగురు కనిపించింది.

"ఇద్దరినీ చదివించలేనని నాచేత బడి మాన్పించి దాన్ని నర్సుని చేశావు. నేనేమైనా అన్నానా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా అన్నానా?"

అనలేదు. నిజం. ఒక్కసారి కూడా అనలేదు. అంటే బాగుండేది.

"నువ్వేం చెయ్యక్కర్లేదు. గుర్తులేదు అను, చాలు. నీ వయసుకి ఎవరైనా నమ్ముతారు." లేచాడు. మళ్ళీ ఆగాడు. "ఆ పుస్తకం ఎక్కడ?"

"ఏ పుస్తకం?"

"అమ్మా. నువ్వు తుమ్మినా రాస్తావు. ఎక్కడ?"

పరుపు ఎత్తి చూశాడు. బీరువాలో చీరలన్నీ కింద పోశాడు. వంటింట్లోకి వచ్చాడు. నేను పిండి డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.  వాడు నా చెయ్యి చూశాడు, డబ్బా చూశాడు. తొమ్మిది నెలలు మోసిన బిడ్డ. ఆ క్షణంలో వాడు నన్ను తోసేస్తాడని అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా బుర్రని గోడకేసి కొట్టుకోవాలి.

తొయ్యలేదు. చీరలన్నీ తిరిగి మడతపెట్టి బీరువాలో సర్దాడు. వెళ్తూ "మాత్రలు మర్చిపోకు" అన్నాడు. దానికే నాకు ఇంకా భయం వేసింది.

12వ తేదీ, గురువారం

గుర్తులేదు అని ఇప్పటికి ఎన్నిసార్లు రాశాను? గుర్తులేనిదాన్ని ఇన్నిసార్లు ఎవరు రాస్తారు?

ఏ కన్ను పొడుచుకోను. చెప్తే వాడు జైలుకి. చెప్పకపోతే దానికి జన్మంతా అమ్ముడుపోయిందన్న పేరు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నాది మాత్రం కాళ్ళ మీద కూడా పడదు, వీధిలో పడుతుంది.

13వ తేదీ, శుక్రవారం

మన ప్రహరీ గోడ మీద బొగ్గుతో ఎవరో రాశారు, ఎంతకి అమ్ముకున్నావు అని. అల్లుడుగారు బకెట్టు, బ్రష్షు పట్టుకుని పొద్దున్నే కడిగారు. పక్కింటి దర్జీ ఆయన వచ్చి సాయం పట్టాడు. "మెంబరమ్మ అమ్ముకునే రకమైతే మా వీధి మురుగుకాలవ ఎప్పుడో అమ్మేసేది సార్, దానికంటే మంచి బేరం ఏముంది" అన్నాడు. అల్లుడుగారు నవ్వారు. వారం తర్వాత ఆయన నవ్వడం.

ఆ మురుగుకాలవ కోసమే మొదటిసారి నిలబడింది అది. పురుళ్ళు పోసి వచ్చేటప్పుడు పసిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు ఆ కాలవ దాటుతుంటే చూడలేకపోయింది.

సభలో దాని మొదటి మాట వినడానికి నన్ను గ్యాలరీలో కూర్చోబెట్టారు. ఎదుటి బల్లల నుంచి ఒకాయన, "ఏం నర్సమ్మా, ఇది కాన్పుల వార్డు కాదు" అని అరిచాడు. ఇది తొణకలేదు. "తెలుసండీ. అక్కడ అరిచేవాళ్ళకి కారణం ఉంటుంది" అంది. సభంతా గొల్లుమంది. నేను లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. అలా కొట్టకూడదట. కాపలావాళ్ళిద్దరు చెరో రెక్కా పట్టుకుని బయటికి నడిపించారు. ఆ రోజు నుంచి ఆ భవనం అన్నా, ఆ మెట్లన్నా, ఆ కాపలావాళ్ళ టోపీలన్నా నాకు చలిజ్వరం. ఇంకెప్పుడూ అడుగు పెట్టలేదు.

14వ తేదీ, శనివారం

రైటరుగారు వచ్చారు. కంటికి ఇంకా కట్టు. చేతిలో టైపు మిషను సంచీ లేదు. ఎప్పుడూ సంచీతో వచ్చే మనిషి.

"కన్ను ఎలా ఉందండీ?"

"కన్ను బాగానే ఉంది అమ్మగారూ. బతుకే మసకగా ఉంది."

పోలీసులు పొద్దున ఆయన ఇంటికి వెళ్ళారట. టైపు మిషను పట్టుకెళ్ళారట. ఇన్నాళ్ళూ ఆ కాగితాల మీద రాసింది మీరేగా, ఇదీ మీరే కొట్టి ఉంటారు అన్నారట. సోమవారం స్టేషనుకి రమ్మన్నారట. వాళ్ళావిడ అప్పటి నుంచీ నోట్లో మెతుకు పెట్టలేదట.

"అప్పుడు నేను ఆపరేషను బల్ల మీద ఉన్నానండీ అంటే, మూడో తేదీన ఉన్నావు, నాలుగు, అయిదు ఎక్కడున్నావు అంటారు. కంటికి కట్టుతో మంచం మీద ఉన్నాను, సాక్ష్యం మా ఆవిడ. పెళ్ళాం సాక్ష్యం ఏం చెల్లుతుంది?"

ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఒంటికన్నుతో నన్ను చూస్తూ కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు కోర్టులో టైపు కొట్టిన మనిషి, ఎవరు ఏం దాస్తున్నారో ఆయనకి తెలియదా. టీ ఇచ్చాను. తాగారు. కప్పు తనే కడిగి బోర్లించి వెళ్ళారు.

దేవుడా, ఈ మనిషి ఎవరు నాకు? బిడ్డా కాదు, బంధువూ కాదు. నా బిడ్డ చేసిన పనికి ఆయన కప్పు కడిగి వెళ్ళారు.

15వ తేదీ, ఆదివారం

పొద్దున్నే పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఆవిరి మీద ఆ రెండు పేజీలూ పట్టాను. వేళ్ళు కాలాయి. పిండి మెత్తబడి నెమ్మదిగా ఊడింది. సిరా కొంచెం పాకింది. మంచం అన్న మాట పోయింది. ఇరవై ఏడు ఇచ్చాను అన్నది పోలేదు. చిన్నోడు అన్నదీ పోలేదు.

వాడికి ఫోను చేశాను. ఎత్తాడు.

"చిన్నోడా, నీకే ముందు చెప్తున్నాను. నేను స్పీకరు దగ్గరికి వెళ్తున్నాను. పుస్తకం పట్టుకెళ్తున్నాను."

"అమ్మా!"

"నువ్వూ రా. నా కంటే ముందు నువ్వే చెప్తే నేను ఈ పుస్తకం తెరవను. సంచీలోంచే తియ్యను. నేను తెరిస్తే అది తల్లి చెప్పిన సాక్ష్యం అవుతుందిరా. అది నీకూ వద్దు, నాకూ వద్దు."

"కన్నకొడుకుని పట్టిస్తావా? దాని కోసం?"

"దాని కోసం కాదు. రైటరుగారు నిన్న మనింట్లో కప్పు కడిగి వెళ్ళారురా."

వాడికి అర్థం కాలేదు. ఎలా అర్థమవుతుంది? నాకే రాత్రంతా పట్టింది.

"నిన్ను బడి మాన్పించింది నేనే. దాని కూలి నా దగ్గర వసూలు చేసుకో. అక్క దగ్గర కాదు, ఆయన దగ్గర అసలే కాదు" అన్నాను. పెట్టేశాడు. పెట్టేశాడో, అలా పట్టుకునే ఉన్నాడో తెలీదు. కాసేపు ఊపిరి వినిపించినట్టే ఉంది.

16వ తేదీ, సోమవారం

స్పీకరు ఆఫీసుకి అల్లుడుగారు ఫోను కలిపి ఇచ్చారు. అవతల ఒక గుమాస్తా.

"మీరెవరండీ?"

"ఆ కాగితం వెనక ఇరవై ఏడు వేసింది నేనే బాబూ."

 కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తర్వాత గొంతు మారింది. "మీ దగ్గర ఆధారం ఏమైనా ఉందా అమ్మా?" అన్నారు.

"నా చేతిరాత ఉంది. తప్పులుంటాయి. తేదీల్లో మాత్రం తప్పులుండవు."

వివరాలు రాసుకుని, పంతొమ్మిదిన పదకొండు గంటలకి రమ్మన్నారు. రైటరుగారి సంగతి కూడా చెప్పి రాసుకోమన్నాను. ఆయన్ని ఇవాళ స్టేషన్లో కూర్చోబెట్టి సాయంత్రం పంపేశారట, మళ్ళీ పిలుస్తామన్నారట. వాళ్ళావిడ రెండు ముద్దలు తిందట.

ఎలా వెళ్ళాలి, ఏ గేటు, ఆ టోపీవాళ్ళు ఆపితే ఏం చెప్పాలి, అన్నీ అల్లుడుగారిని అడిగి చేతి మీద రాసుకున్నాను. చెమటకి చెరిగిపోయింది. మళ్ళీ రాసుకున్నాను. చిన్నోడికి మూడుసార్లు చేశాను. ఎత్తలేదు.

పెద్దమ్మాయీ, నడుముకి వేడినీళ్ళ సంచీ పెట్టుకో, అడిగితే ఇస్తారు, కాపలావాళ్ళైనా మనుషులే. అల్లుడుగారూ, దగ్గు మందు మీ షాపులోదే వేసుకోండి. రైటరుగారూ, కట్టు విప్పేదాకా కన్ను నలపకండి. చిన్నోడా, వేళకి తిను. ఖాళీ కడుపుతో రాకు. గేటు దగ్గర నీ కోసం పదిన్నర నుంచే నిలబడతాను.

నేను పంతొమ్మిదో తేదీ, గురువారం, పొద్దున పదకొండు గంటలకి వస్తున్నాను.